దీవికి వెళ్ళేముందు పడవను చూడండి



ఈ నెల పేజీ అంతా ఒక్క ఉత్తరానికే ఇస్తున్నాను. మిగిలినవారు కొంచెం ఓపిక పట్టాలి. పొయ్యి దగ్గర అత్తాకోడళ్ళకు వచ్చిన తగవు వచ్చే నెల దాకా ఎలాగూ తీరదు కదా!

గద్వాల దగ్గరి పల్లె నుంచి ఒక సహోదరి రాశారు. వారి స్త్రీల సమాజంలో ఎనిమిది మంది, వెంట నలుగురు పిల్లలు, మొత్తం పన్నెండు మంది ఒక రోజు నాగార్జునకొండ చూసి రావాలని ఏడాదిగా డబ్బు కూడబెట్టుకుంటున్నారు. తెల్లవారుజామున కాచిగూడలో రైలు దిగడం, సాగర్ వెళ్ళి దీవి చూడడం, రాత్రికి మళ్ళీ కాచిగూడ చేరి రైలెక్కడం. ఇదీ వారి ఆలోచన. ఆమె మేనల్లుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ హాస్టల్లో ఉంటున్నాడు. ఆ అబ్బాయి కాచిగూడలో ట్రావెల్స్ ఆఫీసులు తిరిగి రెండు కాగితాలు తెచ్చి పంపాడట. ఒకటి పెద్ద బస్సు యాత్ర: నలభై మంది కలిసి ప్రయాణం, సాగర్‌లో పర్యాటక శాఖవారి లాంచీ. రెండోది చిన్న బృందాలకు ప్రత్యేకం: పన్నెండు మందికి ఒక వ్యాను, ఆ పన్నెండు మందికే విడిగా ఒక పడవ, దీవిలో ఇష్టమైనంతసేపు ఉండవచ్చు. తలకు మూడు వందలు ఎక్కువ.

"పరాయివాళ్ళ గోల లేకుండ మావాళ్ళమే పోతము గద అక్కా, పిల్లలు గూడ ఉన్నరు, రెండోదే మంచిదని అందరం అనుకుంటున్నము. మీరేమంటరు?" అని అడిగారు.

ఆమె ఆ రెండు కాగితాలు కూడా జతపరిచారు. నేను రెండుసార్లు చదివాను. టిఫిను ఎక్కడో ఉంది, భోజనంలో ఏమేమి పెడతారో ఉంది, వ్యానులో పాటలు ఉంటాయని కూడా ఉంది. పడవ గురించి మాత్రం రెండింటిలోనూ ఒక్క ముక్క లేదు. అది ఎంతమంది పట్టే పడవ, నడిపేది ఎవరు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా, గాలి వస్తే ఏం చేస్తారు? ఏదీ లేదు. మనం పెళ్ళిసంబంధానికి వెళ్తే పిల్లవాడి మేనమామ దాకా ఆరా తీస్తాం. పన్నెండు ప్రాణాలు ఎక్కే పడవ గురించి మాత్రం అడగడం ఎందుకో మర్యాద కాదనుకుంటాం.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. చిన్న బృందం వేరు, చిన్న పడవ వేరు. చిన్న బృందంగా వెళ్ళడం చాలా మంచిది. పన్నెండు మందిని వేళ్ళమీద లెక్కపెట్టుకోవచ్చు. ఎవరికైనా కడుపులో తిప్పితే ఆగవచ్చు. ముసలివారి నడకకు తగ్గట్టు మెల్లగా నడవవచ్చు. కానీ బృందం చిన్నదైనంత మాత్రాన చిన్న పడవ క్షేమం అయిపోదు. గాలికి లేచిన అలకు మీరు పరిచయస్తులో, పరాయివాళ్ళో తెలియదు.

మీరు చూడబోయే చోటు సంగతి రెండు మాటల్లో చెబుతాను. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాలలో ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా ఏలిన లోయ అది. దాని శిథిలాలు 1926లో బయటపడ్డాయి. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుంది గనుక పురావస్తు శాఖవారు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను కొండమీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను విప్పి కొండపైనా, ఒడ్డున ఉన్న అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. నీరు నిండాక ఆ కొండ శిఖరం ఒక్కటే పైన మిగిలింది. దానినే మనం దీవి అంటున్నాం. కనుక మీ పడవ వెళ్ళేది మునిగిపోయిన ఒక లోయ మీదుగా. రేవు నుంచి లాంచీలో ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. మీ వైపు గుర్రంగడ్డకు వెళ్ళేవారు నది దాటినట్టు, ఈ ఒడ్డున ఎక్కి ఆ ఒడ్డున దిగే పని కాదు.

మీరు పుట్టి ఎక్కినవారు, మీకు నీటి భయం లేదని రాశారు. నాకు భయపెట్టినది ఆ మాటే. అలవాటున్న నీరు వేరు, ఇది వేరు.

నా సంగతి చెబుతాను. చెప్పుకోవడానికి గొప్పది కాదు. ఇరవై ఏళ్ళ కిందట తార్నాక నుంచి మేము తొమ్మిది మందిమి ఒక జలాశయం చూడబోయాం. ఏ జలాశయమో ఇప్పుడు అనవసరం. మా వారు, ఇద్దరు ఆడపిల్లలు, ఊరి నుంచి వచ్చిన మా చెల్లెలి కుటుంబం. మేము చేరేసరికి పెద్ద లాంచీ వెళ్ళిపోయింది. మళ్ళీ మూడింటికే అన్నారు. పిల్లలు ఏడుపు ముఖం పెట్టారు. అప్పుడు ఒకతను వచ్చి, "చిన్న పడవ ఉంది, మీ తొమ్మిది మందిమే, అరగంటలో దించుతాను" అన్నాడు. మా మరిది బేరం ఆడి సగానికి తెగ్గొట్టాడు. అందరం అతని తెలివికి మెచ్చుకున్నాం. పడవలో లైఫ్ జాకెట్లు లేవు. రెండు ఖాళీ నూనె డబ్బాలు ఉన్నాయి. అవి ఎందుకని ఎవరూ అడగలేదు.

సగం దూరం వెళ్ళాక గాలి లేచింది. ఒడ్డున కోతులు కనిపించాయని పిల్లలంతా ఒక్కసారిగా ఒకే వైపు వంగారు. పడవ ఒరిగి నీళ్ళు లోపలికి వచ్చాయి, చీలమండల దాకా. పడవతను "కదలొద్దు, కదలొద్దు" అని అరుస్తూ ఆ డబ్బాతో నీళ్ళు తోడడం మొదలుపెట్టాడు. డబ్బాలు ఎందుకో అప్పుడు తెలిసింది. చిన్నది నా పక్కన ఉంది, దాని గౌను పట్టుకున్నాను. పెద్దది అవతలి బల్లమీద ఉంది. నా చెయ్యి అందదు. నాకు ఈత రాదు. ఇద్దరు బిడ్డలను కన్న తల్లిని, ఎవరో ఒకరినే పట్టుకోగలను అన్న సంగతి ఆ నిమిషంలో తెలిసింది. దానిని ఈ రోజు వరకు మా వారికి కూడా సరిగా చెప్పలేకపోయాను.

ఏమీ కాలేదు. దీవి చేరాం. పులిహోర పొట్లాలు విప్పుకున్నాం, ఎవరికీ సహించలేదు. తిరిగి ఎలా వెళ్ళాలి? అదే పడవలో. దీవి అంటే అంతేగదా, బస్సు మారినట్టు మారడానికి అక్కడ ఇంకో దారి ఉండదు. పోయే పడవను ఎంచుకున్నప్పుడే వచ్చే పడవనూ ఎంచుకున్నట్టు.

ఇప్పటికీ ఏ పెళ్ళిలో కలిసినా మా మరిది ఆ కథ చెబుతాడు. నేను గౌను పట్టుకొని ఎలా కూర్చున్నానో చేసి చూపిస్తాడు. అందరూ నవ్వుతారు. ఏమీ కాలేదు గనుక అది నవ్వు కథ అయ్యింది. ఏమీ కాలేదు గనుకే ఆ తరువాతి ఏడు అతను అలాంటి పడవే మళ్ళీ ఎక్కాడు.

ఏమైనా జరిగినచోట ఏమి జరిగిందో మనం పత్రికల్లో చూశాం. 2017 నవంబరు 12, ఆదివారం. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం వద్ద పవిత్ర సంగమంలో పర్యాటకుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఒంగోలులో రోజూ పొద్దున్నే కలిసి నడిచే మిత్రులు. ఆ పడవకు అక్కడ యాత్రికులను తిప్పే అనుమతే లేదని తరువాత తేలింది. ఎంత బాగా తెలిసినవారి బృందమో చూడండి. మీలాంటిదే.

పెద్దదైతే చాలా అంటే, అదీ కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రెండు అంతస్తుల పెద్ద బోటు అప్పటి తూర్పు గోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరి అప్పుడు వరద మీద ఉంది. బోటులో 77 మంది ఉన్నట్టు చివరికి తేలింది. 26 మంది బయటపడ్డారు. వరంగల్లు దగ్గర కడిపికొండ నుంచి 14 మంది కలిసి వెళ్ళారు. హైదరాబాదు వారూ ఉన్నారు. భోజనాల వేళ కావడంతో కొందరు లైఫ్ జాకెట్లు విప్పేశారని బతికి బయటపడినవారు చెప్పారు. మొదటి రోజు ఎంతమంది ఎక్కారన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని ఆ బోటును పైకి తీయలేకపోయింది. మన నగరంలోనే చూడండి, 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకుపోతున్న బల్లకట్టు హుస్సేన్ సాగర్‌లో మునిగి పనివారు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహాన్ని మళ్ళీ పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. రోజూ చూసే చెరువే కదా అది.

ఇవి రాస్తుంటే, ఆ ఇంట్లో పిల్లలు ఈ పేజీ చదివి యాత్ర మానుకుంటారేమోనని నాకు బెంగగా ఉంది. మానుకోవద్దు. ఆ దీవి చూడదగినది. అడగవలసినవి అడిగి వెళ్ళండి.

మీ మేనల్లుడికి ఫోను చేసి, మళ్ళీ ఆ రెండు ఆఫీసులకూ వెళ్ళి నాలుగు మాటలు అడగమన్నాను. పడవ రిజిస్ట్రేషను నంబరు ఎంత, ఎంతమందికి అనుమతి ఉంది, పిల్లల కొలత జాకెట్లు ఉన్నాయా, గాలివాన వస్తే డబ్బు తిరిగి ఇస్తారా అని. బుద్ధిమంతుడు, ఆ సాయంత్రమే వెళ్ళాడు. పెద్ద బస్సు ఆఫీసువారు, "లాంచీ మాది కాదు బాబూ, పర్యాటక శాఖది, రేవులో కనుక్కో" అన్నారట. విసుగ్గానే అన్నారు గాని నిజం చెప్పారు. రెండో ఆఫీసులో చాలా మర్యాద చేశారు. టీ ఇచ్చారు. ఫోనులో పడవ బొమ్మ చూపించారు, నంబరు ఉండవలసిన చోట పూలదండ వేలాడుతోంది. అనుమతి కాగితం అడిగితే, "మా మీద నమ్మకం లేదా తమ్ముడూ?" అన్నారట.

నమ్మకం సంగతి కాదిది. లోపలి నదులు, జలాశయాలలో తిరిగే యంత్రపు పడవలకు 2021లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 1917 నాటి పాత చట్టం స్థానంలో అది వచ్చింది. పడవకు రిజిస్ట్రేషను ఉండాలి, తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్టు ఉండాలి, నడిపే సరంగుకు అర్హత పత్రం ఉండాలి. కచ్చులూరు తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోట్ల మీద నిఘాకు 2020 జూన్‌లో కంట్రోల్ రూములు తెరిచింది, సాగర్ కూడా ఆ జాబితాలో ఉంది. కనుక కాగితం చూపమనడం దబాయింపు కాదు. ఆటో ఎక్కేముందు మీటరు చూసినంత మామూలు సంగతి.

నా సలహా ఇది. రోడ్డు మీద చిన్న బృందంగా వెళ్ళండి, నీటి మీద మాత్రం పర్యాటక శాఖవారి లాంచీయే ఎక్కండి. మీ పన్నెండు మందికి వ్యాను విడిగా మాట్లాడుకోండి. కాచిగూడ నుంచి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు, మూడున్నర నాలుగు గంటల దారి. వ్యాను ఖర్చు ఎక్కువనుకుంటే కాచిగూడకు దగ్గరలోనే ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషను నుంచి బస్సులున్నాయి. తెలంగాణ ఒడ్డున నందికొండ వైపు ఒక రేవు, ఆనకట్టకు అవతల ఆంధ్ర ఒడ్డున విజయపురి సౌత్‌లో ఒక రేవు ఉన్నాయి. అన్ని రోజులూ, అన్ని రేవుల నుంచీ లాంచీ నడుస్తుందని అనుకోవద్దు. నీటిమట్టం బాగా తగ్గినా, వరద వచ్చినా ఆపేస్తారు, మనుషులు చాలకపోయినా కదలదు. ముందురోజు సాయంత్రం ఫోను చేసి కనుక్కున్నాకే రైలెక్కండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఆ రోజు వెళ్తే కొండ చూసి రావడమే అవుతుంది.

ఎప్పుడు వెళ్ళాలో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. మీ ఊరి నది చెబుతుంది. జూరాల గేట్లు ఎత్తి, శ్రీశైలం నిండి, అక్కడా గేట్లు ఎత్తారని విన్నప్పుడు ఆ నీరంతా సాగర్‌కే వస్తోందని అర్థం. అప్పుడు ఆనకట్ట చూడడానికి వెళ్ళండి గాని దీవికి వద్దు. వరదలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల మంచి కాలం. పొద్దుటి లాంచీయే ఎక్కండి. మధ్యాహ్నం తరువాత గాలి లేస్తుంది.

శాఖవారి లాంచీ అయినా కళ్ళు మూసుకొని ఎక్కవద్దు. రేవులో నిలబడి ఒక నిమిషం చూడండి. ఎంతమందికి అనుమతి అన్నది పడవ మీద రాసి ఉండాలి. ఎక్కేవారి పేర్లు రాసుకుంటున్నారా? రాయకపోతే మీరే అడిగి రాయించండి, చంకలోని పాపతో సహా. పండుగ రోజుల్లో ఇంకా పదిమంది ఇంకా పదిమంది అని ఎక్కిస్తుంటే మీరు పక్కకు తప్పుకోండి. పై అంతస్తులో గాలి బాగుంటుంది, నిజమే. కాని అంతా పైకి చేరి, కొండ కనిపించగానే ఫోటోల కోసం ఒకే వైపుకు జరిగితే ఎంత పెద్ద పడవైనా ఒరుగుతుంది. అలాగని తలుపులు మూసిన కింది గదిలోనూ కూర్చోవద్దు. తెరిచి ఉన్నచోట, దారికి దగ్గరగా కూర్చోండి.

లైఫ్ జాకెట్టు ఇస్తారు. ఇచ్చినవారు చేతికి ఇచ్చి ఊరుకుంటారు, మనవాళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకుంటారు, లేదా దానిమీద కూర్చుంటారు! వేసుకోండి. చీర కొంగు ముందు నడుముకు చుట్టి దోపి, దాని మీద జాకెట్టు వేసి, పట్టీలన్నీ బిగించండి. పిల్లలకు వేశాక భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగి చూడండి. జాకెట్టు చెవుల దాకా లేచి వచ్చిందంటే అది ఆ బిడ్డది కాదు, నీళ్ళలో జారిపోతుంది. చిన్న కొలతది అడగండి. లేదంటే ఆ బిడ్డతో ఒక పెద్దమనిషి ఒడ్డునే ఉండాలి. ఏడాది నిండని పాపలను అసలు తీసుకుపోవద్దు. భోజనాలు దీవి మీద పెట్టుకోండి, పడవలో కాదు. ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క పెద్దవారిని ఇంటి దగ్గరే అప్పగించండి. మీరు ఎనిమిది మంది, పిల్లలు నలుగురే. నాకు ఆ రోజు లేని సదుపాయం మీకుంది.

ఉత్తరం చివర "ప్రార్థన చేసుకొనే ఎక్కుతాము" అని రాశారు. తప్పక చేసుకోండి. అయితే రేవులోనే, ఎక్కకముందే చేసుకోండి, కళ్ళు తెరిచాక పడవ వైపు చూడండి. గలిలయ సముద్రం మీద ఆ పడవలో ఉన్నవారిలో కొందరు అదే నీటి మీద వల వేసి బతికిన జాలరులని మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు.

ఇంకొకటి, అన్నిటికంటె కష్టమైనది. ఏడాది పాటు దాచుకున్న డబ్బు, రాత్రంతా రైలు, నాలుగు గంటల వ్యాను, ఇంత చేసి రేవు దాకా వచ్చి "ఈ పడవ వద్దు" అనడానికి నోరు రాదు. పిల్లలు ఏడుస్తారు. ఎవరో ఒకరు "ఏం గాదు తియ్" అంటారు. మాకు ఆ రోజు నోరు రాలేదు. అందుకని బయలుదేరకముందే మీలో ఒకరికి ఆ అధికారం ఇవ్వండి. ఆమె వద్దంటే వద్దే. కారణం అడగకూడదు, తరువాత దెప్పకూడదు. ఎక్కువ మాట్లాడని మనిషిని చూసి ఇవ్వండి.

అలా వెనుదిరిగినా రోజు వృథా కాదు. అనుపులో ఇక్ష్వాకుల నాటి రంగస్థలం తిరిగి కట్టి ఉంచారు, ఒక మూల మాట్లాడితే ఇంకో మూల వినిపిస్తుందో లేదో పిల్లలు పరీక్షించుకుంటారు. చంద్రవంక మీద ఎత్తిపోతల జలపాతం దగ్గరలోనే ఉంది. 2022 మేలో తెరిచిన బుద్ధవనం ఉంది. ఆనకట్ట ఎలాగూ ఉంది. పిల్లలు పడవ ఎక్కాలని మరీ పట్టుబడితే, మరునాడు రైలెక్కే వీలుంటే హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి విగ్రహం దాకా ఎక్కించండి. కొద్ది నిమిషాల ప్రయాణం. ఎవరికి భయమో, ఎవరికి కళ్ళు తిరుగుతాయో, జాకెట్టు ఎవరు విప్పేస్తారో అక్కడే తెలిసిపోతుంది. నన్నడిగితే పల్లె నుంచి వచ్చే పిల్లలకు మొదట అదే చూపించి, సాగర్ మరో ఏడుకు పెట్టుకున్నా తప్పులేదు.

మీ మేనల్లుడు రెండో ఆఫీసుకు అడ్వాన్సు ఇవ్వలేదని చెప్పాడు. మంచిది. వ్యాను మాట్లాడే పని ఆ అబ్బాయికే అప్పగించండి, రేవుకు ఫోను చేసే పని మాత్రం మీరే పెట్టుకోండి. రైలు కాచిగూడకు ఎన్నింటికి వస్తుందో నాకు ఒక కార్డు ముక్క రాయండి. తార్నాక పెద్ద దూరం కాదు. మా ఇంటికి వచ్చి ముఖాలు కడుక్కొని ఉప్మా తిని బయలుదేరవచ్చు. గ్లాసులు పది ఉన్నాయి, ఇంకో రెండు పక్కింటి నుంచి తెస్తాను.